కెనడా లారీ - మన తాతల చరిత్ర



మన పత్రికలో ఓడల చరిత్ర వచ్చినది. చెరకు తోటల చరిత్ర, గుడుల చరిత్ర, తెలుగు బడుల చరిత్ర పలుమార్లు వచ్చినవి. ఒక లారీ చరిత్ర వ్రాస్తానంటే కొందరు నవ్వవచ్చును. లారీకి, తెలుగు సంస్కృతికి సంబంధమేమిటని అడుగవచ్చును. ఆ ప్రశ్న నన్ను నేనే చాలాకాలం వేసుకున్నాను. సమాధానం దొరికినది గనుకనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా ముత్తాత గోదావరి జిల్లావాడు. మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలుకు వచ్చి, ఉత్తర తీరంలోని ఒక చెరకు తోటలో అయిదేండ్ల గిర్మిట్ చేశాడు. 1860 నుంచి 1911 వరకు ఆ విధంగా నేటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో మన తెలుగువారు వేలాదిగా ఉన్నారు. మా తాత నేటాలులోనే పుట్టాడు. చెరకు నరకడం ఇష్టంలేక మోటారు పని నేర్చుకున్నాడు. 1940లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఇండియన్ అండ్ మలే కోర్ అనే దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు అందులో డ్రైవరుగా చేరి, ఉత్తరాఫ్రికా ఎడారికి వెళ్ళాడు.

తిరిగి వచ్చిన తరువాత ఆయన యుద్ధం గురించి ఎక్కువ మాట్లాడలేదు. పిల్లలు మరీ విసిగిస్తే రెండు మాటలు చెప్పేవాడు. "మేము నడిపింది కెనడా ఫోర్డు." అది మొదటి మాట. "రాత్రి తెల్ల చుక్కను విడిస్తే చచ్చామే." అది రెండవది. ఆ తెల్ల చుక్క ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అవ్వను అడిగితే, "ధ్రువనక్షత్రం అయివుంటుంది నాయనా, ఎడారిలో దారి చూపేది అదే కదా" అనేది. మేమందరమూ అట్లే నమ్మాము.

నేను ఉద్యోగరీత్యా కెనడా దేశం వచ్చి ఒంటారియో రాష్ట్రంలో స్థిరపడినాను. ఒకనాడు ఒక పల్లెటూరి పాకలో, గడ్డిమోపుల వెనుక, ముక్కు చిట్లిన ఎద్దు మొగం వంటి మొగంతో ఒక పాత లారీ కనబడినది. మా ఇంటి గోడమీద ఉన్న ఫోటోలో తాత చేయివేసి నిలబడిన లారీ మొగం అదే. ఆ రోజు మొదలైన పని నాలుగు చలికాలాలు పట్టినది. ఆ పనిలో నేను తెలుసుకున్న చరిత్రను మీ ముందు ఉంచుతున్నాను.

ఒక కంపెనీ, ఒక సామ్రాజ్యం

ముందుగా ఒక విషయం. ఫోర్డు అనగానే అందరూ అమెరికా అనుకుంటారు. కాని మన తాతలు చూసిన ఫోర్డు కెనడా ఫోర్డు. 1904లో డెట్రాయిట్ నదికి ఇవతలి గట్టున, నేడు విండ్సర్ నగరంలో కలిసిపోయిన వాకర్‌విల్లు అనే ఊరిలో, ఒక బండ్ల కర్మాగారంలో ఫోర్డ్ మోటార్ కంపెనీ ఆఫ్ కెనడా మొదలైనది. నది అవతల హెన్రీ ఫోర్డు కర్మాగారం. నది దాటితే దేశం మారుతుంది, సుంకం మారుతుంది. బ్రిటిషు సామ్రాజ్యంలోని దేశాల మధ్య సుంకం తక్కువ. కనుక ఇంగ్లండు, ఐర్లండు తప్ప మిగిలిన సామ్రాజ్యం అంతటా ఫోర్డు కార్లు అమ్మే హక్కు ఈ కెనడా కంపెనీకి వచ్చినది.

ఆ హక్కుతో కెనడా ఫోర్డు 1923లో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లోను, 1925లో ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లోను, 1926లో ఇండియాలోను, అదే సంవత్సరం మలయాలోను శాఖలు పెట్టినది. ఈ పేర్లను ఒక్కసారి మనసులో పెట్టుకోండి. చెరకు కోసం, రబ్బరు కోసం మనవారిని ఏ సముద్రపు దారులలో తీసుకుపోయారో, దాదాపు అవే దారులలో కెనడా మోటార్లు కూడ పోయినవి. మనిషైనా, మోటారైనా సామ్రాజ్యపు లెక్కల పుస్తకంలో ఒక సరుకు.

అయితే ఒక తేడా కలదు. కెనడా మోటార్లకు మన దేశాలలో ప్రవేశం ఉన్నది. మనకు కెనడాలో ప్రవేశం లేదు. 1908లో కెనడా ప్రభుత్వం, పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చినవారికే ప్రవేశం అని ఒక ఉత్తర్వు చేసినది. ఇండియా నుంచి అట్లా ఆగకుండా రావడం ఆనాడు సాధ్యం కాదు. 1914 మే 23న కోమగట మారు అనే ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవుకు వచ్చినది. వారిలో కొద్దిమందిని తప్ప తక్కినవారిని దిగనీయలేదు. రెండు నెలల పాటు రేవులోనే నిలిపి, జూలై 23న వెనుకకు పంపివేశారు. నేడు ఈ దేశంలో కూర్చుని ఈ వ్యాసం వ్రాస్తున్న నేను ఆ సంగతి మరువలేను.

లారీ పుట్టుక

1937లో కెనడా సైన్యం, సైనిక లారీల నమూనాలు తయారుచేయుమని కోరినది. విండ్సర్‌లో ఫోర్డు, ఒషావాలో జనరల్ మోటార్సు చెరియొక నమూనా తయారుచేశాయి. ఒషావా కర్మాగారానికి మూలం మెక్‌లాఫ్లిన్ కుటుంబం వారి గుర్రపు బండ్ల వ్యాపారం. నమూనాలను 1938లో పెటవావా సైనిక శిబిరంలోని ఇసుకలో, అడవి దారులలో పరీక్షించారు.

యుద్ధం మొదలైన తరువాత రెండు కంపెనీలూ ఒకే పద్ధతి లారీలను తయారుచేయసాగినవి. వీటినే కెనడియన్ మిలిటరీ ప్యాటర్న్ లారీలు అంటారు. బ్రిటిషు సైన్యానికి గనుక స్టీరింగు కుడివైపు. ఓడలో తక్కువ చోటు పట్టవలెనని ముక్కు పొట్టిగా చేశారు. ముక్కు పొట్టి చేస్తే ఇంజను ఎక్కడికి పోతుంది? డ్రైవరు పక్కనే లోపలికి వస్తుంది. అందుచేత ఆ క్యాబిన్‌లో కాలు చాపుకొనే చోటు ఉండదు, వేడికి అంతు ఉండదు. ఎడారి ఎండలో ఆ ఇంజను పక్కన రోజంతా కూర్చున్నవారి అవస్థ ఊహించుకోండి.

పేర్లు చదవడం తేలిక. ఎఫ్ అంటే ఫోర్డు, సి అంటే షెవర్లే. 15 అంటే పదిహేను హండ్రెడ్‌వెయిట్లు, అనగా సుమారు 760 కిలోల బరువు మోసేది. 60 అంటే మూడు టన్నులది. చివర ఎల్ ఉంటే పొడుగు బండి, ఎస్ ఉంటే పొట్టిది. మాకు దొరికినది 1941 నాటి ఎఫ్ 60 ఎల్. నాలుగు చక్రాలూ తిరిగే బండి. 239 ఘనపుటంగుళాల వి-8 ఇంజను, 95 గుర్రాల శక్తి. షెవర్లేలో ఆరు సిలిండర్ల ఇంజను, 85 గుర్రాల శక్తి. దీని తరువాత వచ్చిన 13వ నంబరు క్యాబిన్‌లో ముందు అద్దం క్రిందివైపు వెనుకకు వంగి ఉంటుంది. ఎండ మెరుపు పైనున్న విమానాలకు కనబడకూడదని ఆ ఏర్పాటు. మా బండిది అంతకు ముందరి క్యాబిన్, అద్దం నిటారుగానే ఉన్నది.

ఈ పద్ధతి లారీలు నాలుగు లక్షలకు పైగా తయారైనవి. అన్ని రకాల సైనిక వాహనాలు కలిపితే కెనడా ఆ యుద్ధంలో తయారుచేసినవి ఎనిమిది లక్షలకు పైమాట. ఆనాడు ఆ దేశ జనాభా సుమారు 1 కోటి 10 లక్షలు మాత్రమే.

వీటిలో చాలా భాగం పూర్తి లారీలుగా ఓడ ఎక్కలేదు. విడి భాగాలుగా, చెక్కపెట్టెలలో సర్ది పంపారు. మధ్యధరా సముద్రం శత్రువుల చేతిలో ఉండుటచేత, ఈజిప్టుకు పోవలసిన సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి, గుడ్‌హోప్ అగ్రం దాటి, సూయజ్ చేరవలసి వచ్చినది. పెట్టెలు దిగిన చోట అక్కడి పనివారు వాటిని బిగించారు. ఇండియాలో కెనడా ఫోర్డు ఛాసిస్‌ల మీద టాటా ఉక్కుతో కవచపు బండ్లు కట్టారు. రైల్వే వర్క్‌షాపులలో తయారైన ఆ బండ్లకు టాటానగర్ అనే పేరు వచ్చినది. దక్షిణాఫ్రికాలో కూడ కెనడా ఫోర్డు ఛాసిస్ మీద అక్కడి ఉక్కుతో మార్మన్ హెరింగ్టన్ కవచపు కార్లు కట్టారు.

రబ్బరు సంగతి

లారీ ఇనుముతో నడువదు, టైర్లతో నడుస్తుంది. టైర్లకు రబ్బరు మలయా నుంచి రావలెను. ఆ రబ్బరు గీసినవారిలో తమిళ సోదరులతోపాటు మన తెలుగువారు కూడ ఉన్నారు. పెరాక్, కెడా, జొహోర్ తోటలలో తెల్లవారకముందే చెట్టుకు కత్తిపెట్టిన చేతులు మనవి. మన మలేషియా సోదరులకు ఇది నేను చెప్పనక్కరలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినది. బ్రిటిషు సేనాని పెర్సివల్, జపాను సేనాని యమషితాకు లొంగిపోయి సంతకం చేసిన స్థలం ఏదో తెలుసా? బుకిట్ తీమాలోని ఫోర్డు ఫ్యాక్టరీ. కెనడా ఫోర్డు వారి మలయా శాఖ కట్టించుకొన్న కర్మాగారం. అది 1941లోనే పూర్తి అయినది. నేడు అక్కడ యుద్ధ చరిత్ర ప్రదర్శనశాల ఉన్నది. ఆ సంతకం తరువాత మలయా తోటల కూలీలకు పట్టిన గతి మనకు తెలుసు. సయాం-బర్మా రైలుమార్గం పనికి వేలాది తమిళ, తెలుగు కూలీలను తీసుకుపోయారు. తిరిగి రానివారి లెక్క ఎవరూ సరిగా వ్రాసి పెట్టలేదు.

రబ్బరు ఆగిపోయేసరికి కెనడాలో లారీల పని ఆగిపోయే ప్రమాదం వచ్చినది. 1942లో కెనడా ప్రభుత్వం పాలిమర్ కార్పొరేషన్ అనే సంస్థను స్థాపించి, ఒంటారియోలోని సార్నియాలో కృత్రిమ రబ్బరు కర్మాగారం కట్టించినది. 1943లో అక్కడ రబ్బరు తయారైనది. అందుచేత మలయాలో ఒక తోట మూతపడితే సార్నియాలో ఒక కర్మాగారం తెరిచారని చెప్పవచ్చును. కర్మాగారం కథ పుస్తకాలలో ఉన్నది. తోట కథ మనమే చెప్పుకోవలెను.

నడిపినవారు ఎవరు?

ఇప్పుడు అసలు విషయం. ఈ లారీలను కెనడా సైనికులు, బ్రిటిషు సైనికులు నడిపినట్లు పుస్తకాలలో బొమ్మలతో సహా ఉన్నది. కాని ఉత్తరాఫ్రికాలో, బర్మాలో వీటిని నడిపినవారిలో ఎందరో మనవారు. ఇండియా సైన్యంలో రవాణా పని చూచిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో మద్రాసు రాజధాని నుంచి చేరినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అప్పటివరకు ఎద్దుబండి తప్ప ఎరుగని పల్లెటూరి కుర్రవాళ్ళు కొద్ది నెలలలో మూడు టన్నుల లారీ నేర్చుకున్నారు.

దక్షిణాఫ్రికా సంగతి వేరు. అక్కడ ఇండియన్ అండ్ మలే కోర్ వారికి యుద్ధం చేసే హక్కు ఇవ్వలేదు. డ్రైవర్లు, మెకానిక్కులు, వంటవారు, స్ట్రెచరు మోసేవారు. అంతే. తెల్లవారికి తుపాకి, మనవారికి స్టీరింగు. నల్లజాతి సైనికులకు కాపలా పని ఇచ్చి చేతికి ఈటెలు ఇచ్చారు. బాంబులు మాత్రం రంగు చూచి పడలేదు. 1942 జూన్ 21న టోబ్రుక్ పడిపోయినప్పుడు తెల్లవారితో పాటు మనవారు కూడ ఖైదీలుగా చిక్కారు.

ఈ యుద్ధంలో చేరడం మంచిదా కాదా అన్న విషయంలో ఆనాడు మన సమాజంలోనే భేదాభిప్రాయాలు ఉన్నవి. సమాన హక్కులు ఇవ్వని ప్రభుత్వం కోసం ప్రాణాలు ఎందుకు ఇవ్వవలెనని యూసుఫ్ దాదూ వంటి నాయకులు బహిరంగంగా అడిగి శిక్ష అనుభవించారు. చేరితే రేపు హక్కులు అడిగేందుకు ముఖం ఉంటుందని మరికొందరు అన్నారు. ఎవరి మాట నిజమైనది? 1943లో, మనవారు ఇంకా సైన్యంలో ఉండగానే, డర్బన్‌లో మనవారు తెల్లవారి వద్ద ఇండ్లు, స్థలాలు కొనకుండా పెగ్గింగ్ చట్టం తెచ్చారు. 1946లో దానికంటె కఠినమైన ఘెట్టో చట్టం వచ్చినది. మనవారు సత్యాగ్రహం చేసి జైళ్ళకు వెళ్ళారు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి, తరువాతి సంవత్సరాలలో కేటో మేనర్ వంటి చోట్ల నుంచి మన కుటుంబాలను లేపి చాట్స్‌వర్త్‌కు తరలించారు. మా తాత ఇల్లు అట్లే పోయినది. యుద్ధంలో ఇచ్చిన పతకాన్ని ఆయన ఆ సామానులో ఎక్కడ పడవేశాడో మరి కనబడలేదు. ఫోటో ఒక్కటే మిగిలినది.

తయారుచేసినవారు ఎవరు?

నాతో ఈ లారీ పనిలో చేయి కలిపిన మిత్రుడు ఒక వృద్ధ కెనడియన్ మెకానిక్. అతని తల్లి యుద్ధకాలంలో విండ్సర్‌లో మోటారు భాగాల కర్మాగారంలో పనిచేసినది. అతని వద్దనే నేను ఇంకొక కథ విన్నాను, తరువాత పుస్తకాలలో చదివాను.

యుద్ధం ముగిసిన నెలలోనే, 1945 సెప్టెంబరు 12న, విండ్సర్ ఫోర్డు కార్మికులు సమ్మె కట్టారు. సమ్మె 99 రోజులు నడిచినది. నవంబరు నెలలో, పోలీసులు వస్తారని తెలిసి, కార్మికులు వందలాది కార్లను తెచ్చి కర్మాగారం చుట్టూ వీధులలో అడ్డంగా నిలిపివేశారు. చివరకు న్యాయమూర్తి ఐవాన్ రాండ్ 1946 జనవరిలో తీర్పు చెప్పారు. సంఘంలో చేరడం చేరకపోవడం ఎవరి ఇష్టం వారిది, కాని సంఘం వలన లాభం పొందే ప్రతివాడూ చందా కట్టవలసినదే అని దాని సారాంశం. రాండ్ సూత్రం అనే పేరుతో అది కెనడా కార్మిక చట్టాలకు పునాది అయినది.

ఈ కథ వింటున్నప్పుడు నాకు 1943 నాటి ఫిజీ చెరకు రైతుల సమ్మె జ్ఞాపకం వచ్చినది. గిర్మిట్ చేసినవారి పిల్లలు చెరకు కోయమని నెలల తరబడి నిలబడినారు. యుద్ధకాలంలో దేశద్రోహులన్న నింద వారు మోయవలసి వచ్చినది. పంచదార చేసినవారైనా, లారీ చేసినవారైనా తమ కష్టానికి లెక్క అడిగినప్పుడు విన్న మాటలు ఒకటే.

లారీని బాగుచేయుట

యుద్ధానంతరం మిగిలిపోయిన లారీలను కెనడా ప్రభుత్వం అమ్మివేసినది. రైతులు కొన్నారు, మంటలార్పే దళాలు కొన్నవి, మంచు తోసేవారు, చెడిన బండ్లను లాగేవారు కొన్నారు. మా లారీ దేశం విడిచి పోలేదు. సైనిక శిక్షణలో పనిచేసి, ఒక రైతు చేతికి వచ్చినది. ఆయన వెనుక చెక్క తొట్టి కట్టించి, ముందు మంచు తోసే పలక తగిలించి, ఎర్ర రంగు వేసి ముప్పై ఏళ్ళు వాడుకున్నాడు.

మా సంకల్పం ఒక్కటే. 1941లో విండ్సర్ కర్మాగారం ద్వారం దాటిన నాడు ఎట్లా ఉన్నదో అట్లా చేయవలెను. ఇది ఈ పని చేసేవారిలో ఒక నియమం వంటిది. బోల్టు తల మీద ఫోర్డు వారి ఎఫ్ అక్షరం ఉంటేనే అసలు బోల్టు. సైన్యం సామానుపై సి అక్షరం నడుమ బాణం గుర్తు ఉంటుంది. అది కెనడా సైన్యం ముద్ర. క్యాబిన్‌లో ఒక లోహపు పలకమీద బండి రకం, సంఖ్య చెక్కి ఉంటాయి. ఛాసిస్ మీద ఉన్న సంఖ్యతో అది సరిపోవలెను.

ఆ పలక తుడిచి సంఖ్య చదివిన రోజు నేను ఇంటికి వెళ్ళి మా ముత్తాత ఓడ పట్టీ నకలు తీసి చూశాను. అందులోనూ ఒక సంఖ్య. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది మచ్చలు. తుపాకి మచ్చైనా పుట్టుమచ్చైనా దొరలకు గుర్తుపట్టేందుకు ఒక ముద్ర. నాకు కోపం వచ్చినది. కాని ఆ పట్టీ లేకపోతే మా ఊరి పేరు కూడ నాకు తెలిసేది కాదు. ఆ మాట కూడ నిజమే.

పనిలోని కష్టాలు కొన్ని చెబుతాను, యువకులకు పనికివస్తాయి. ఈ ఫోర్డు ఇంజనుకు ఒక్కొక్క వైపు తలను 24 స్టడ్లు పట్టి ఉంచుతాయి. రెండు వైపులా 48. అన్నీ తుప్పుపట్టి ఉన్నవి. బలం చేస్తే విరుగుతాయి. నూనె పోసి, వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ వేడిచేసి, ఒక చలికాలం అంతా దానికే పోయినది. ఈ ఇంజనుకు రెండు నీటి పంపులు, వైపుకు ఒకటి. వేడి పొగ ఇంజను దిమ్మ లోపలినుంచే బయటికి పోవలెను, కనుక త్వరగా కాగుతుంది. నీటి దారులలో చేరిన బురద పూర్తిగా తీయకపోతే ఎంత బాగుచేసినా ఫలితం లేదు.

చక్రాల విషయంలో ప్రాణాపాయం ఉన్నది. ఈ లారీ చక్రం రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపినది. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే చక్రం బాంబువలె పేలుతుంది. ముందు గాలి పూర్తిగా తీయవలెను. పాత బ్రేకు లైనింగులలో రాతినార ఉంటుంది, పాత రంగులలో సీసం ఉంటుంది. ముఖానికి తొడుగు లేకుండా వాటిని గీకకూడదు.

తెల్ల చుక్క

మూడవ సంవత్సరం ఛాసిస్ శుభ్రం చేసే వంతు వచ్చినది. ఇసుక కొట్టి మొత్తం తుప్పు, రంగు ఒక్క రోజులో ఊడగొట్టించి, కొత్త రంగు వేయించాలని అనుకున్నాము. బండిని పంపే ముందు రోజు సాయంత్రం, వెనుక ఇరుసు మీద అంగుళం మందాన ఉన్న జిడ్డును నేను చేతితో గీకుతున్నాను. పైన రైతు వేసిన ఎరుపు. దాని క్రింద సైన్యం ఖాకీ ఆకుపచ్చ. ఇరుసు నడుమ గుండ్రటి డిఫరెన్షియల్ గుండు వెనుకభాగం మీద మాత్రం ఎరుపు క్రింద తెల్ల రంగు బయటపడినది. పళ్ళెమంత గుండ్రం. కుంచె గీతలు స్పష్టంగా ఉన్నవి. చేతితో వేసినది.

నా మిత్రుడు చూచి, ఇది మామూలే అన్నాడు. రాత్రిపూట సైనిక లారీలు వరుసగా పోయేటప్పుడు ముందు దీపాలు వెలిగించకూడదు, పైనుంచి విమానాలు చూస్తాయి. అందుకని బండి వెనుక, క్రిందిభాగంలో, ఒక చిన్న దీపం పెట్టి, దాని వెలుగు ఇరుసు మీది తెల్ల రంగు మీద మాత్రమే పడేటట్లు చేసేవారు. పైనుంచి ఏమీ కనబడదు. వెనుక వచ్చే డ్రైవరుకు మాత్రం చీకటిలో ఒక తెల్ల చుక్క కనబడుతుంది. దానిని చూస్తూ, దగ్గరకు పోకుండా, దూరం కాకుండా, రాత్రంతా నడపవలెను. చుక్క తప్పితే దారి తప్పినట్లే. పక్కన మందుపాతరలు ఉండవచ్చును.

నేను ఆ నేలమీదనే కూర్చుండిపోయాను. ధ్రువనక్షత్రం కాదు. మా తాత ఆకాశంవైపు చూడలేదు. ముందరి లారీ ఇరుసువైపు చూచాడు. ఆ ముందరి లారీ నడిపినవాడు కూడ ఎవడో మనవాడే అయివుండును. మాట నిజమే. మేమే అర్థం తప్పుగా చెప్పుకున్నాము. మరునాడు ఇసుక కొట్టించివుంటే ఆ అర్థం ఎన్నటికీ దొరికేది కాదు.

ఏది అసలు రూపం?

ఇక్కడే మా ఇద్దరికీ వాదం వచ్చినది. ఫ్యాక్టరీ రూపమే కావాలంటే ఆ తెల్ల రంగు ఉండకూడదు, అది సైన్యంలో చేతితో వేసినది గనుక. రైతు కట్టిన చెక్క తొట్టి ఉండకూడదు. తలుపు లోపలివైపు రైతు పిల్లవాడు మేకుతో గీసుకొన్న పేరు ఉండకూడదు. అన్నీ తుడిచివేస్తే మిగిలేది కంపెనీవారి బండి. దానిని నడిపినవారు, దానితో బ్రతికినవారు అందులో ఉండరు.

ఈ విషయం పెద్ద సంస్థలు కూడ ఆలోచించినవే. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో లిబియా ఎడారి నుంచి తెచ్చిన ఒక షెవర్లే లారీ ఉన్నది. ఎడారిలో తిరిగిన దళం విడిచిపెట్టినది. దానికి రంగు వేయలేదు, తుప్పు తీయలేదు. దొరికినది దొరికినట్లే ఉంచారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య వారి ట్యురిన్ చార్టర్ కూడ, వీలైనంతవరకు ఉన్నదాన్ని కాపాడుమని, మార్చినది మార్చినట్లు వ్రాసిపెట్టుమని చెబుతున్నది. అయితే తుప్పును తుప్పుగానే వదిలితే బండి నడువదు. నడవని బండిలో మా తాత పడిన వేడి, ఆ గేర్ల మొరాయింపు, ఆ చప్పుడు పిల్లలకు ఎట్లా తెలుస్తాయి?

ఇంకొక మాట కూడ నేను నా మిత్రునితో అన్నాను. మా తాత నడిపిన లారీ విండ్సర్ నుంచి బండిగా రాలేదు. పెట్టెలలో ముక్కలుగా వచ్చినది. ఎక్కడో ఎవరో బిగించారు. దాని ఫ్యాక్టరీ రూపం ఏది? కెనడాలోదా, పెట్టెలోదా, బిగించిన చోటుదా?

చివరకు ఇట్లా నిర్ణయించుకున్నాము. ఇంజను, గేర్లు, బ్రేకులు, క్యాబిన్ 1941 నాటి రూపానికి తెచ్చాము. వెనుక ఇరుసుకు ఇసుక తగలనీయలేదు. తెల్ల చుక్కను నీటితో, మెత్తని గుడ్డతో శుభ్రం చేసి అట్లే ఉంచాము. తలుపు లోపలి పేరు అట్లే ఉన్నది. రైతు తొట్టిని విప్పి, పారవేయక, పాకలో భద్రపరచాము. ఏ భాగం పాతది, ఏది మార్చినది, ఏది ఎక్కడినుంచి వచ్చినది, ఒక పుస్తకంలో వ్రాశాము. నాలుగవ సంవత్సరం వేసవిలో ఇంజను రాజుకున్నది. ఆ చప్పుడుకు మా అమ్మ కండ్లు తుడుచుకున్నది. "మీ తాతకు చెవి ఎందుకు వినిపించేది కాదో ఇప్పుడు తెలిసింది" అన్నది.

ఒక విన్నపం

సోదరులారా, ఈ లారీ నాకు చెప్పిన పాఠం మన సంఘానికి కూడ పనికివస్తుందని నమ్ముతున్నాను. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించినది మొదలు, మన పెద్దలు అన్ని దేశాలలో తెలుగు నిలబెట్టుటకు పాటుపడినారు. అందుకు మనం ఋణపడి ఉన్నాము. కాని అసలు తెలుగు నేర్పాలనే ఆత్రంలో మన అవ్వల తెలుగును తప్పు తెలుగు అని ఎన్నిసార్లు తీసివేయలేదు? వారి మాటలలో తమిళం కలిసినది, హిందీ కలిసినది, జూలూ కలిసినది, క్రియోల్ కలిసినది. అది తుప్పు కాదు. ఎవరి పక్కన బ్రతికారో, ఎవరితో కలిసి చెరకు కోశారో, ఎవరి పిల్లలకు పాలు పట్టారో చెప్పే రంగు. బడిలో మంచి తెలుగు నేర్పవలసినదే. బండి నడవవలెను కదా. అయితే పాత మాటల మీద ఇసుక కొట్టవద్దు.

నా విన్నపం ఒక్కటే. మీ ఇండ్లలో పెద్దవారు అర్థంకాని మాట ఏదైనా పదే పదే అంటూ ఉంటే దానికి మీరే అర్థం చెప్పి ముగించవద్దు. మాట అన్నది అన్నట్లు, ఆ ఉచ్చారణతోనే, ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. తేదీ వేయండి. ఎవరు అన్నారో వ్రాయండి. దాని అర్థం ఎక్కడో ఒక పాకలో, జిడ్డు క్రింద, ఎదురుచూస్తూ ఉండవచ్చును.

మా అవ్వ ఇప్పుడు లేదు. ధ్రువనక్షత్రం కాదవ్వా అని చెప్పే అదృష్టం నాకు కలుగలేదు. మీలో ఎవరి అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారో, వారి వద్దకు ఈ వారమే వెళ్ళండి.